అంతరిక్ష వ్యయం: ఏ పనికి ఏ కొలత?

శ్రీహరికోట నుంచి వాహకనౌక పైకి లేచిన ప్రతిసారీ దానితోపాటే ఒక పాత ప్రశ్న కూడా లేస్తుంది: తాగునీరు, వైద్యం, చదువు ఇంకా అందరికీ సరిగా అందని దేశం రోదసి మీద ఇంత సొమ్ము వెచ్చించడం న్యాయమేనా? ఈ ప్రశ్న అడిగేవారిని దేశ ప్రతిష్ఠ పట్టనివారిగా చిత్రించడం ఎంత తప్పో, శాస్త్రానికి వెల కట్టలేమన్న ఒక్క మాటతో జవాబు ఎగవేయడం అంతే తప్పు. ఖర్చయ్యేది ప్రజాధనం కాబట్టి ప్రతిఫలమేమిటని అడిగే హక్కు ప్రజలకు ఉంది, లెక్క చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానికి ఉంది.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు కేటాయించినది సుమారు 13,416 కోట్ల రూపాయలు. అదే ఏడాదికి కేంద్రం మొత్తం వ్యయం అంచనా 50.65 లక్షల కోట్లు కనుక, ప్రతి వెయ్యి రూపాయల్లో రోదసి వాటా మూడు రూపాయలకు లోపే ఉంటుంది. ఎరువుల సబ్సిడీకి కేటాయించిన సుమారు 1.67 లక్షల కోట్లలో ఇది పన్నెండో వంతు. జనాభాకు పంచి చూస్తే తలకు ఏడాదికి వంద రూపాయల లోపు. అయితే మొత్తం చిన్నదైనంత మాత్రాన అది సద్వినియోగమైనట్టు కాదు. పదమూడు వేల కోట్లతో చేయగలిగిన మంచి పనులు ఈ దేశంలో చాలానే ఉన్నాయి. చంద్రయాన్‌కు అయిన ఖర్చును భారీ సినిమా బడ్జెట్‌తో పోల్చి సంతోషించడం పరిపాటి అయింది గానీ, చవకగా చేశామన్నది ఎందుకు చేశామన్న ప్రశ్నకు సమాధానం కాదు.

అసలు చిక్కు ఎక్కడంటే, ‘అంతరిక్ష కార్యక్రమం’ అన్న ఒకే పేరు కింద స్వభావంలో పూర్తిగా వేరైన మూడు పనులు కలిసిపోయి ఉన్నాయి. వాతావరణాన్ని, పంటలను, సముద్రాన్ని గమనించే ఉపగ్రహాలు, సమాచార ఉపగ్రహాలు ప్రజలకు నేరుగా సేవ చేస్తాయి. చంద్రుడి మీదికి, అంగారకుడి మీదికి పంపే నౌకలు జ్ఞానాన్ని వెతుకుతాయి. మూడోది మనుషులను కక్ష్యలోకి పంపడం. మొదటి పని వల్ల కలిగిన మేలును చూపించి మూడో పనికి డబ్బు అడగడం, మూడో పని మీద ఉన్న అనుమానంతో మొదటి పనిని కూడా దండగ అనడం, ఈ రెండూ చర్చను పక్కదారి పట్టించేవే. ఒక్కో పనికి ఒక్కో కొలత ఉంది, దాన్ని దానితోనే కొలవాలి.

ఈ కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్‌కి ఈ తేడా స్పష్టంగా తెలుసు. చంద్రుడి మీదికో ఇతర గ్రహాల మీదికో వెళ్లడంలో, మనుషులను రోదసిలోకి పంపడంలో సంపన్న దేశాలతో పోటీపడాలన్న కోరిక భారతదేశానికి లేదని, అయితే ఉన్నత సాంకేతికతను సామాన్యుల సమస్యలకు వర్తింపజేయడంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదని ఆయన 1960లలోనే ప్రకటించారు. ఆయన మరణానంతరం 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాల కార్యక్రమాలను టెలివిజన్‌లో చూపించిన ‘సైట్’ ప్రయోగం ఆ ఆలోచనకు తొలి రూపం.

సేవ చేసే ఉపగ్రహాల విలువ ఎంతో తెలుగు తీరానికి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. సముద్రంలో తుఫాను ఉందన్న సంగతి వాతావరణ శాఖకు అప్పుడూ తెలుసు. అయితే అది ఎంత బలంతో, సరిగ్గా ఎక్కడ తీరం దాటుతుందో ముందుగా తేల్చే సాధనాలు చాలినంతగా లేవు, తేలిన కబురైనా గాలికి స్తంభాలు కూలి తీగలు తెగిపోయాక పల్లెకు చేరే దారి లేదు. 1983లో ఇన్‌శాట్-1బీ కక్ష్యలో చేరిన తరువాత ఈ రెండు లోపాలూ తగ్గుముఖం పట్టాయి. 1990 మే 9న దాదాపు అంతటి బలమైన తుఫానే మళ్లీ కృష్ణా తీరాన్ని తాకినప్పుడు, లక్షల మందిని ముందే తరలించగలిగినందువల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. అదీ తక్కువ నష్టమేమీ కాదు, కానీ ఆ వ్యత్యాసం వెనక ఉన్నవి వేల ప్రాణాలు.

ఉపగ్రహం ఇందులో చేసే పనిని కొంత దగ్గరగా చూడడం అవసరం. భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంచిన ఉపగ్రహం భూమి తిరిగే వేగానికి సరిగ్గా సరిపోయేట్టు తిరుగుతుంది కనుక ఎప్పుడూ ఒకే ప్రాంతానికి పైనే నిలిచి ఉన్నట్టు కనిపిస్తుంది. దీన్నే భూస్థిర కక్ష్య అంటారు. అక్కడి నుంచి అది పరారుణ కిరణాలతో, అంటే కంటికి కనబడని ఉష్ణ కాంతితో, రాత్రీ పగలూ తేడా లేకుండా బంగాళాఖాతం మీది మబ్బుల చిత్రాలు తీస్తుంది. మబ్బు ఎంత ఎత్తుకు పెరిగితే దాని పైభాగం అంత చల్లబడుతుంది. బలమైన తుఫానులో అది సున్నాకు 70, 80 డిగ్రీల దిగువకు కూడా పోతుంది. ఆ చల్లని మబ్బుల వలయం నడుమ తుఫాను కన్ను మాత్రం వెచ్చగా ఉంటుంది. ఈ రెండింటి ఉష్ణోగ్రతల తేడాను, మబ్బు చుట్టలు తిరిగిన తీరును బట్టి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక అంకె వేసి, దాని నుంచి గాలి వేగాన్ని అంచనా కట్టే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వొరాక్ 1970లలో రూపొందించారు. అంకె అయిదుకు చేరితే గాలి గంటకు సుమారు 165 కిలోమీటర్ల వేగంతో వీస్తున్నట్టు లెక్క. నౌక వెళ్లలేని, విమానం పంపే ఏర్పాటు లేని సముద్రం నడుమ తుఫాను బలాన్ని కొలవడానికి ఇంతకు మించిన ఆధారం లేదు.

కొలిచిన సంగతిని ఊరికి చేర్చిందీ ఉపగ్రహమే. 1980ల ద్వితీయార్థంలో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ తీర జిల్లాల్లోని ప్రభుత్వ కార్యాలయాలు, పోలీసు స్టేషన్లలో ప్రత్యేక రిసీవర్లు అమర్చారు. చెన్నైలోని తుఫాను హెచ్చరిక కేంద్రం ఏ జిల్లాను ఎంచుకుంటే ఆ జిల్లాలోని రిసీవర్లను మాత్రమే ఉపగ్రహ సంకేతం మేల్కొలిపేది. ముందు సైరన్ మోగేది, ఆ వెంట స్థానిక భాషలో హెచ్చరిక వినిపించేది. ఘనతంతా ఉపగ్రహానిదే అనడం అన్యాయం అవుతుంది. తుఫాను షెల్టర్లు, రోడ్లు, మచిలీపట్నం రాడార్ వంటివి, రాత్రికి రాత్రి ఊళ్లు ఖాళీ చేయించిన రెవెన్యూ సిబ్బంది లేకుండా పై నుంచి వచ్చిన చిత్రం ఒక్క ప్రాణాన్నీ కాపాడదు. కానీ ఆ చిత్రం లేనిదే సిబ్బంది ఏ ఊరికి పరుగెత్తాలో తేలదు. ఇలాంటి సేవే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ కూడా చేస్తున్నది. సముద్రపు పైపొర ఉష్ణోగ్రతను, నాచు జీవుల పచ్చదనాన్ని ఉపగ్రహాల ద్వారా గమనించి, చేపలు ఎక్కువగా చేరే చోట్లను మత్స్యకారులకు తెలియజేస్తుంది.

ఈ సేవల విలువను రూపాయల్లో చూపే ప్రయత్నాలూ జరిగాయి. ఇస్రో చేయించిన ఒక అధ్యయనం, అంతరిక్ష రంగంలో పెట్టిన ప్రతి రూపాయీ ఆర్థిక వ్యవస్థలో 2.54 రూపాయల ప్రభావం చూపిందని 2024లో అంచనా వేసింది. ఇలాంటి లెక్కలను జాగ్రత్తగా చదవాలి. డబ్బు చేతులు మారిన కొద్దీ పెరిగే ప్రభావం రోడ్డు వేసినా, ఆసుపత్రి కట్టినా ఉంటుంది. కనుక అది రోదసికే ప్రత్యేకమైన సమర్థన కాలేదు. పరిశోధనలో అనుకోకుండా పుట్టిన వస్తువుల జాబితా చూపించే వాదన అంతకన్నా బలహీనమైనది. అంటుకోని పెనాల పూతగా వాడే టెఫ్లాన్ చంద్రయాత్రల పుణ్యమేనని చాలామంది నమ్ముతారు గానీ, అది 1938లోనే అమెరికాలోని ఒక రసాయన సంస్థలో పుట్టింది. తుఫాను హెచ్చరిక వంటి గట్టి సాక్ష్యం చేతిలో ఉండగా ఇలాంటి వదులు వాదనల అవసరమే లేదు.

ఇక జ్ఞానాన్వేషణ మాట. 386 కోట్ల వ్యయంతో 2008లో వెళ్లిన చంద్రయాన్-1 రెండేళ్లు పనిచేయవలసి ఉండగా పది నెలలకే మూగబోయింది. అయినా అందులో నాసా అమర్చిన పరికరం చంద్రుడి నేలలో నీటి అణువుల జాడలు పట్టుకుంది, చంద్రుడు పూర్తిగా ఎండిన గోళమన్న భావన అంతటితో చెదిరిపోయింది. 2019లో సుమారు 978 కోట్లతో పంపిన చంద్రయాన్-2 ల్యాండర్ దిగేవేళ కూలిపోయింది. 2023 ఆగస్టు 23న, సుమారు 615 కోట్ల ఖర్చుతో, చంద్రయాన్-3 దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువగా 69 డిగ్రీల అక్షాంశం వద్ద దిగింది. ఆ ల్యాండర్ నేలలోకి గుచ్చిన ఉష్ణమాపకం పైపొర యాభై డిగ్రీలకు మించి కాగుతుండగా, కేవలం 8 సెంటీమీటర్ల లోతున సున్నాకు పది డిగ్రీల దిగువన ఉన్నట్టు చూపింది. జానెడు లోతైనా లేకుండానే అరవై డిగ్రీల తేడా ఉందంటే ఆ మట్టి ఉష్ణాన్ని ఎంతగా అడ్డుకుంటుందో, దాని కింద మంచు నిలవగలదా లేదా అన్నది ఇక ఊహ మీద గాక కొలత మీద ఆధారపడి చర్చించవచ్చు.

ఇది ఎవరి కడుపూ నింపదు, నింపుతుందని చెప్పడమూ సరికాదు. దీని కొలత వేరు: కొత్త సంగతి తెలిసిందా, దాన్ని లోకానికి బహిరంగపరచారా, తరువాతి తరం శాస్త్రవేత్తలు దాని మీద పని చేయగలుగుతున్నారా? ఈ కొలతతో చూస్తే చంద్రయాన్‌లు గట్టిగా నిలుస్తాయి. సుమారు 450 కోట్లతో పంపిన మంగళయాన్ 2014లో తొలి ప్రయత్నంలోనే అంగారక కక్ష్యను చేరి, ఆరు నెలల లక్ష్యానికి బదులు ఎనిమిదేళ్ల దాకా నిలవడం ఇంజనీరింగ్‌లో గొప్ప విజయమే అయినా, అయిదు పరికరాలూ కలిపి 15 కిలోలే మోసుకెళ్లగలిగినందువల్ల శాస్త్ర ఫలితాలు పరిమితంగానే ఉన్నాయని ఒప్పుకోవాలి.

వ్యయం అన్నప్పుడు రూపాయల్లోకి రానిదాన్ని కూడా లెక్కించాలి. ఒక పక్క పులికాట్ సరస్సు, మరో పక్క బంగాళాఖాతం ఉండటం, విఫలమైన నౌక సముద్రంలోనే పడే వీలుండటం, తూర్పు దిశగా ప్రయోగిస్తే భూభ్రమణ వేగం తోడవడం వల్ల 1969లో శ్రీహరికోటను ఎంపిక చేశారు. ఆ దీవి నిర్మానుష్యం కాదు. అడవి దుంపల మీద, కట్టెల మీద, సరస్సు చేపల మీద బతికే యానాదుల నివాసమది. కేంద్రం వెలిశాక కొందరు దీవి విడిచి వెళ్లారు, కొందరు అక్కడే కూలి పనుల్లో కుదిరారు. దేశం పొందిన మేలులో వారి వాటా ఎంతన్నది ఏ అంతరిక్ష బడ్జెట్ పత్రంలోనూ ఒక పద్దుగా చేరని లెక్క, చేరవలసిన లెక్క.

మనుషులను పంపే పని దగ్గరికి వచ్చేసరికి సమర్థన మరింత పదునుగా ఉండాలి. 2018లో సుమారు 9,023 కోట్లతో ఆమోదం పొందిన గగన్‌యాన్ కార్యక్రమం, భారతీయ అంతరిక్ష కేంద్రపు తొలి విభాగాన్ని కూడా కలుపుకొని, 2024 సెప్టెంబరు నాటికి 20,193 కోట్లకు చేరింది. చంద్రయాన్-3 వంటి యాత్రలు ముప్పైకి పైగా చేయగల సొమ్ము ఇది. కక్ష్యలో మనిషి ఉండి చేయవలసిన ప్రయోగాలు లేకపోలేదు; ప్రాణరక్షణ వ్యవస్థలు నిర్మించడంలో పరిశ్రమకు అబ్బే నైపుణ్యమూ తక్కువది కాదు. కానీ ఆ ప్రయోగాలేమిటి, రోబోతో సాధ్యం కానివి వాటిలో ఎన్ని అన్న చర్చ పార్లమెంటులోనూ పత్రికల్లోనూ తగినంతగా జరగలేదు. జెండా ప్రతిష్ఠ ఒక్కటే ఇంత వ్యయానికి కారణంగా చాలదు.

చాలదనడానికి ప్రత్యక్ష కారణం నావిక్. స్థాన నిర్ధారణ కోసం దేశం సొంతంగా ఏర్పరచుకున్న ఈ ఉపగ్రహాల వరుస, సెల్‌ఫోన్ సిగ్నల్ అందని నడిసముద్రంలో పడవలకు హెచ్చరిక పంపడానికి కూడా ఉపయోగపడుతుంది. అందులోని పలు ఉపగ్రహాల అణు గడియారాలు, అంటే సెకనులో అత్యల్ప భాగాన్ని కూడా తప్పకుండా లెక్కించే పరికరాలు, చెడిపోయాయి. 2017లో పంపిన బదులు ఉపగ్రహం ఉష్ణకవచం విడిపోక వృథా అయింది. 2025 జనవరిలో శ్రీహరికోట నూరవ ప్రయోగంగా పైకి వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. సేవా వ్యవస్థలో ఇంత కొరత ఉన్నప్పుడు నిపుణుల సమయం, ప్రయోగ వేదికల వంతు, డబ్బు ముందుగా దాన్ని పూడ్చడానికే వెళ్లాలి.

ఇందుకు దారి ఇప్పటికే ఒకటి కనిపిస్తున్నది. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లిన వాతావరణ ఉపగ్రహం ఇన్‌శాట్-3డీఎస్‌కు అయిన ఖర్చును అంతరిక్ష శాఖ కాక, దాన్ని వాడుకొనే భూవిజ్ఞాన శాఖ పూర్తిగా భరించింది. ఎవరికి అవసరమో వారే తమ పద్దులోంచి చెల్లించినప్పుడు ఆ ఉపగ్రహం అవసరమా కాదా అన్నది ఆ శాఖే తేల్చుకుంటుంది, ఆలస్యమైతే ఆ శాఖే నిలదీస్తుంది. పంటల అంచనాకు వ్యవసాయ శాఖ, చేపల వేటకు మత్స్య శాఖ ఇదే పద్ధతి పాటిస్తే, అంతరిక్ష శాఖ పద్దులో మిగిలేవి అన్వేషణ యాత్రలు, మానవ యాత్రలు మాత్రమే. వాటి మంచిచెడ్డలను అప్పుడు పార్లమెంటు తుఫానుల పేరు ఎత్తకుండానే చర్చించగలుగుతుంది.