మీకు తెలుసా? బోర్డు స్టిక్కర్‌కు తడి మేలా, పొడి మేలా?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కు లాంటి చోట ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా ముందు పలకరించేవి బోర్డులే. గేటు మీద కంపెనీ పేరు, ఆఫీసు అద్దం మీద లోగో, కరెంటు ప్యానెల్ మీద ‘ప్రమాదం’, లారీ వెనక మెరిసే ఎర్ర పట్టీ. ఒకప్పుడు పెయింటరు కుంచె పట్టిన పని ఇప్పుడు చాలావరకు వినైల్ స్టిక్కర్‌ది. అంటించే దగ్గర మాత్రం ఒకరు స్ప్రే బాటిల్ తీస్తారు, ఇంకొకరు నీటి చుక్క తగలనివ్వరు. ఇద్దరిదీ ఒప్పే. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందన్నదే అసలు సంగతి.

నీళ్లు అతికించవు

వినైల్ వెనక ఉండేది ఒత్తిడితో పట్టుకునే జిగురు. నీళ్లు దానికి బలమేమీ ఇవ్వవు, కాసేపు దాన్ని ఆపుతాయి, అంతే. స్ప్రే బాటిల్ నీళ్లలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ కలిపితే నీటి తలతన్యత తగ్గుతుంది. నీళ్లు బొట్లుబొట్లుగా నిలవకుండా పలచగా పరుచుకుంటాయి. ఆ పొర ఉన్నంతసేపు జిగురుకు కింది ఉపరితలం అందదు కాబట్టి స్టిక్కర్‌ను అటూ ఇటూ జరిపి కొలత సరిచూసుకోవచ్చు. స్క్వీజీ అనే చదును పలకతో మధ్య నుంచి అంచులకు నీళ్లు తోసేశాకే పట్టు మొదలవుతుంది. షాంపూ ఎక్కువైందా, అది జిగురు మీదే మిగిలిపోయి అంచులు లేస్తాయి.

అద్దానికి తడి, చిల్లుల ఫిల్ముకు పొడి

నున్నటి అద్దం నీళ్లు పీల్చుకోదు. పైగా అద్దం మీద చిన్న బుడగ కూడా అవతలి వైపు నుంచి కనిపిస్తుంది. అందుకే అద్దం మీద పెద్ద లోగోకు తడి పద్ధతి నప్పుతుంది. సన్ ఫిల్ము అంటించేదీ తడితోనే. అదే అద్దానికి వేసే వన్‌వే విజన్ ఫిల్ము మాత్రం పొడిగానే అంటించాలి. దాని నిండా సన్న చిల్లులుంటాయి. నీళ్లు వాటిలో నిలిచిపోతే జిగురు సరిగా పట్టదు, లోపలి నుంచి చూస్తే బయట మసకగా కనిపిస్తుంది.

వెనక కాగితం తిప్పి చూశారా?

కొన్ని వినైల్ రోల్స్ వెనక కాగితం మీద సన్నటి గళ్లు అచ్చుపడి ఉంటాయి. ఆ గళ్ల ముద్ర జిగురు మీదా పడుతుంది. స్క్వీజీతో నొక్కితే లోపలి గాలి ఆ సందుల్లోంచి బయటికి పోతుంది. అంటే బుడగల బాధ తప్పించే ఏర్పాటు ఫిల్ములోనే ఉందన్నమాట. అలాంటిదాన్ని తడి మీద అంటిస్తే గాలి పోవాల్సిన సందుల్లో నీళ్లు చేరి కూర్చుంటాయి. ఖరీదైన ఫిల్ము కొని, దాని ప్రత్యేకతను మన చేత్తో మనమే పాడుచేసుకున్నట్టు. వాహనాల ఒళ్లంతా కప్పే ఫిల్ముల్లో చాలావరకు ఈ రకమే.

రంగు ఆరింది, కానీ...

చేతికి అంటకపోయినంత మాత్రాన కొత్త పెయింటు పూర్తిగా ఆరినట్టు కాదు. లోపలి ద్రావకం ఆవిరవుతూనే ఉంటుంది. తొందరపడి స్టిక్కర్ వేస్తే ఆ ఆవిరి కిందే చిక్కుకుని బుడగలు లేస్తాయి. గాలిలో ఆరే పెయింటుకు కనీసం వారం ఆగడం మంచిది. చెక్క, సిమెంటు గోడ, ఇటుక తడిని పీల్చుకుంటాయి కాబట్టి వాటి మీద స్ప్రే బాటిల్ ఊసే వద్దు. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు సంగతి వేరు. పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌కు మామూలు జిగురు సరిగా పట్టదు. అక్కడ మార్చాల్సింది పద్ధతిని కాదు, స్టిక్కర్‌నే. గట్టి జిగురున్న రకం అడిగి తీసుకోవాలి.

మే నెల ఎండలో

ఎండాకాలం ఖరగ్‌పూర్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీడ లేని ఇనుప రేకు అంతకంటే వేడెక్కుతుంది. వేడికి జిగురు మెత్తబడి తగిలీ తగలగానే పట్టేస్తుంది, ఇక జరపడం కుదరదు. తడి పద్ధతి ఆదుకుంటుందనుకుంటే, స్క్వీజీ తీసేలోగా నీళ్లు ఆవిరైపోతాయి. బోర్డు పని పొద్దున్నే ముగించడమో, పైన పట్టా కట్టి నీడ చేసుకోవడమో మేలు. చలికాలం పొద్దుట ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. మామూలు వినైల్‌కు ఉపరితలం కనీసం 10 డిగ్రీలుండాలి. అంతకంటే చల్లగా ఉంటే జిగురు బిగుసుకుపోతుంది. రేకు మీద మంచు తడి ఉంటే తుడిచి ఆరబెట్టాకే పని మొదలుపెట్టాలి.

లారీ పట్టీల్లో తెల్లది ముందు, ఎర్రది వెనక

సరుకు లారీలకు మెరిసే పట్టీలు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం తప్పనిసరి. వాటి నాణ్యతకు ఏఐఎస్-090 అనే ప్రమాణం ఉంది. ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు. ఈ పట్టీని పొడిగానే, శుభ్రంగా తుడిచిన రేకు మీద అంటించాలి. బురద తుడిస్తే సరిపోదు, డీజిలు జిడ్డు కూడా పోవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అది ఆరేలోపే పొడి గుడ్డతో ఇంకోసారి తుడవడం నిపుణుల అలవాటు.

తెలుగు అక్షరానికి పొడే నేస్తం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు సొంత ఊరైపోయింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది కూడా. మరి తెలుగు బోర్డు వేయాల్సి వస్తే?

బెంగాలీ, హిందీ అక్షరాలకు పైగీత ఉంటుంది. అది అక్షరాలను కలిపి ఉంచడంతో కత్తిరించిన మాట చాలావరకు ఒకే ముక్కగా లేచి వస్తుంది. తెలుగు అలా కాదు. ‘ప్రమాదం’ అనే మాటనే చూడండి. ‘ప’ తలకట్టు కింది ఒంటికి తగలకుండా విడిగా ఉంటుంది. రవత్తు ఇంకో ముక్క. సున్నా లోపలి బిళ్లను సూదితో తీయాలి. అక్కరలేని వినైల్ ఒలిచేటప్పుడు తలకట్టు దానితోపాటే వెళ్లిపోతే ‘ప’ కాస్తా అంకె లాగానో గిన్నె లాగానో మిగులుతుంది. తడి మీద అంటిస్తే మరీ కష్టం. అక్షరాలను బోర్డు మీదికి చేర్చే ట్రాన్స్‌ఫర్ టేపు లాగే వేళకు చిన్న ముక్కల జిగురు ఇంకా పట్టుకోదు, అవి టేపుతోనే లేచి వచ్చేస్తాయి. అందుకే తెలుగు చిన్నక్షరాలకు పొడి పద్ధతి. తలకట్లు, వత్తులు లావుగా ఉన్న ఫాంటు ఎంచుకుంటే పని ఇంకా సులువు.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి, పార్కు పేరులోని ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఈ మేదినీపూర్ సీమలోనే, బీర్‌సింగ గ్రామంలో 1820లో పుట్టారు. బెంగాలీ పిల్లలకు అక్షరాలు నేర్పే ‘వర్ణపరిచయ్’ను 1855లో రాశారు. మన కందుకూరి వీరేశలింగానికి దక్షిణ దేశపు విద్యాసాగరుడని పేరు వచ్చింది ఈయనతో పోల్చడం వల్లే.

చివరి చిట్కాలు

పొడిగా వంకర లేకుండా అంటించాలంటే స్టిక్కర్ మధ్యలో మాస్కింగ్ టేపు పట్టీ వేసి బోర్డుకు బిగించండి. ఒక సగం వెనక కాగితం ఒలిచి కత్తిరించి, ఆ సగం అంటించాక టేపు తీసి రెండో సగానికి రండి. స్క్వీజీని 45 డిగ్రీల వాలులో పట్టుకుని, ఒక లాగుడు మీదికి ఇంకోటి కొంత వచ్చేలా లాగండి. ట్రాన్స్‌ఫర్ టేపును పైకి ఎత్తి లాగకుండా, దాని మీదికే మడిచి మెల్లగా తీయండి. అది కాగితపు టేపైతే పైన కాస్త నీళ్లు చల్లి కొద్దిసేపు ఆగండి, సులువుగా వదులుతుంది. ఏ పద్ధతిలో అంటించినా బుడగ మిగిలితే బ్లేడుతో కోయొద్దు. దాని అంచున సూదితో పొడిచి గాలిని ఆ చిల్లు వైపు తోయండి. ఆ తర్వాత కనీసం ఒక రోజు బోర్డును కడగకండి. తడి పద్ధతిలో అంటించినదైతే ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి.