సేవలందించే వారికీ కావాలి సాంత్వన
డ్యూటీలోనే మూడు నిమిషాల 'ఎరుక'.. ఒత్తిడికి కొంత ఊరట

రాత్రి డ్యూటీలో వార్డు భారాన్ని మోసే స్టాఫ్‌నర్సు, ఎండనక వాననక ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త, మంచం పట్టిన వృద్ధులకు అన్నీ తానై చేసే ఆయా.. వీరంతా ఇతరుల బాధను రోజూ దగ్గర నుంచి చూసేవారే. రోగి నాడిని, రక్తపోటును వేళ తప్పక నమోదు చేసే వీరు తమ అలసటను మాత్రం ఎక్కడా నమోదు చేయరు. క్రమంగా నిద్రలేమి, చిరాకు, పనిపై విరక్తి చోటు చేసుకుంటాయి. చివరకు ఆ ప్రభావం రోగిపైనా పడుతుంది. మందు మోతాదులో పొరపాటుకు, కసురు మాటకు ఈ అలసటే దారి తీయవచ్చు.

సెలవు పెట్టినా తీరని అలసట
ఎడతెగని పని ఒత్తిడి వల్ల ఏర్పడే ఈ స్థితిని 'బర్న్‌అవుట్' అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదం పొందిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణలో దీనిని జబ్బుగా కాక, వృత్తి సంబంధమైన సమస్యగా పేర్కొంది. శక్తి హరించుకుపోయినట్లు అనిపించడం, పని పట్ల విముఖత, తన పనికి ఫలితం లేదన్న భావన దీని ముఖ్య లక్షణాలు.

ఏమిటీ మైండ్‌ఫుల్‌నెస్?
జరుగుతున్న క్షణాన్ని, మంచిచెడుల తీర్పు చెప్పకుండా, ఉన్నదున్నట్లు గమనించడమే మైండ్‌ఫుల్‌నెస్. దీని మూలం బౌద్ధంలోని 'సతి' సాధన. పాళీ భాషలో సతి అంటే స్మృతి, ఎరుక అని అర్థం. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్ జిన్ 1979లో దీనిని మతంతో నిమిత్తం లేని శిక్షణగా ప్రారంభించారు. ఎనిమిది వారాల ఆ శిక్షణ తొలుత దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగులకు ఉపయోగపడింది. తర్వాత వైద్యులకు, నర్సులకూ చేరింది. వైద్య సిబ్బందిపై జరిగిన పలు అధ్యయనాల్లో ఒత్తిడి కొంతమేర తగ్గినట్లు వెల్లడైంది. ఆ మేలు ఎంతకాలం నిలుస్తుందనే దానిపై మాత్రం ఆధారాలు తక్కువే.

డ్యూటీలో ఎలా?
దీనికి ప్రత్యేక గది, చాప అక్కర్లేదు.
* చేతులు కడిగేటప్పుడు: సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ఆ కాసేపు నీటి చల్లదనాన్ని, నురగ స్పర్శను గమనించాలి. మనసు మరో మంచం వైపు పరుగెడితే నెమ్మదిగా వెనక్కి తేవాలి.
* మూడు నిమిషాల విరామం: మొదటి నిమిషం మనసులో ఏముందో గమనించాలి. రెండో నిమిషం శ్వాసపై దృష్టి నిలపాలి. మూడో నిమిషం ఆ గమనింపును శరీరమంతటికీ విస్తరించాలి.
* మాట తూలే ముందు: రోగి బంధువులు గద్దించినప్పుడు పాదాలు నేలను తాకుతున్న తీరును గమనించి, ఒక్క శ్వాస తీసుకుని బదులివ్వాలి.
* ఇంటికి బయలుదేరేటప్పుడు: యూనిఫాం మార్చుకుంటూ, ఆ రోజు చేసిన ఒక మంచి పనిని గుర్తు చేసుకోవాలి.

జాగ్రత్తలు
కళ్లు మూసుకుంటే కొందరికి చూసిన మరణాలు, పాత భయాలు ముప్పిరిగొంటాయి. అటువంటివారు కళ్లు తెరిచే సాధన చేయాలి. ఆందోళన పెరిగితే ఆపివేసి మానసిక వైద్యులను సంప్రదించాలి. ఇంజక్షన్ ఇస్తున్నప్పుడు, మందులు లెక్కిస్తున్నప్పుడు ఆ పనిపైనే ధ్యాస ఉంచాలి. అదీ మైండ్‌ఫుల్‌నెస్సే.

యాజమాన్యాలదీ బాధ్యతే
ఇద్దరు చేయాల్సిన పనిని ఒక్కరిపై మోపి, శ్వాసను గమనించమని చెబితే ప్రయోజనం ఉండదు. పనిచోట మానసిక ఆరోగ్యంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాల్లోనూ ఈ రెండు కోణాలూ ఉన్నాయి. మైండ్‌ఫుల్‌నెస్ వంటి శిక్షణతో పాటు, ఆరోగ్య సిబ్బందికి పనిభారం తగ్గించడం, డ్యూటీ వేళలను సవరించడం వంటి చర్యలనూ అందులో సూచించారు. సకాలంలో రిలీవర్ రావడం, భోజనానికి అరగంట దొరకడం, వారాంతపు సెలవు రద్దు కాకపోవడం సాధనకు పునాది వంటివి.

బాధ మితిమీరినప్పుడు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీమానస్ సేవలను 14416 నంబరులో ఉచితంగా పొందవచ్చు. రోజంతా పనిచేసే ఈ నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.