పానశాలను నిలుపుకొన్న పేటవారు

పానశాల మూతపడినచో ఇంట దీపము వెలిగినట్లు తలఁచువారము మనము. 1992లో నెల్లూరుసీమ దూబగుంట స్త్రీలు సారాదుకాణము మూయించిన వృత్తాంతము మీరెఱిఁగినదే. అట్టిచో, లండను నగరమున నన్‌హెడ్ పేటవారు ఒక పానశాల మూతపడకుండఁ బాటుపడిరని విని మేము ముక్కుపై వ్రేలిడుకొంటిమి.

ఆ ఐవీ హౌస్ వట్టి మద్యపుఁగొట్టు గాదు. ఇరుగుపొరుగులు కూడి కష్టసుఖములు చెప్పుకొను చావడి. 1970 ప్రాంతమున సంగీతగోష్ఠులకుఁ బేరొందినది. 2012లో అది మూతపడి అమ్మకమునకు రాఁగా, పేటవారు దానిని చారిత్రక కట్టడముగా గుర్తింపఁజేసిరి. అంతట నూరకుండక, 2011 నాఁటి స్థానికచట్టము ననుసరించి ప్రజోపయోగస్థానముగా నమోదు చేయించిరి. ఆ దేశమున నట్లు నమోదైన మొదటి పానశాల యదియే. దానితో ఆఱు మాసములు అన్యులకు విక్రయింప వీలులేకపోయెను. ఆ గడువే వారికిఁ బ్రాణము! అప్పును, సహాయద్రవ్యమును గూర్చి 2013లోఁ గొనిరి. పిదప వాటాలమ్మి, 371 మంది యజమానులై, ఆగస్టులోఁ దలుపులు తెఱచిరి.

మద్యమును మెచ్చుట మావలనఁ గాదు. కాని, మా వీథిచివర స్త్రీలు చదువుకొను గ్రంథాలయపుగదిని సామానుకొట్టుగా మార్చినపుడు, మావారొక్కరు తక్క నెవ్వరును నోరు మెదపలేదు. మేమును తలుపుచాటున నిలిచి చూచుచుంటిమి.