మీకు తెలుసా? పంటి మీద పింగాణీ పొర

పంటికి అతికించే పింగాణీ వెనీర్ మందం సుమారు అర మిల్లీమీటరు, దాదాపు మన చేతి గోరంత. 1930ల ప్రాంతంలో హాలీవుడ్ డెంటిస్టు చార్లెస్ పింకస్ నటుల పళ్లకు ఇలాంటి పొరల్ని కట్టుడు పళ్లను నిలిపే జిగురు పొడితో అంటించేవారు. షూటింగ్ అయ్యాక తీసేయడమే. 1955లో దంతవైద్యుడు మైఖేల్ బ్యూనోకోర్ పంటి పైపొర అయిన ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపారు. 1980ల మొదట్లో పింగాణీ లోపలి వైపునూ అలాగే గరుకు చేయడం మొదలయ్యాక వెనీర్లు నిలవసాగాయి. ఇప్పుడు పది, పదిహేనేళ్లు మన్నడం మామూలే. టీ, కాఫీ మరకలూ అంతగా పట్టవు.

అయితే అతికించే ముందు చాలాసార్లు ఎనామిల్‌ను కాస్త అరగదీస్తారు. అది మళ్లీ పెరగదు. ఈ మాట రోగికి ముందే విడమరచి చెప్పి తీరాలి. తర్వాత చల్లనీళ్లకు పళ్లు జివ్వుమనొచ్చు, అంచుల దగ్గర పుచ్చు రావొచ్చు. నిద్రలో పళ్లు కొరికేవారికి పింగాణీ పగిలే ప్రమాదం ఎక్కువ. పగిలితే మరొకటి వేయించుకోక తప్పదు.

నల్గొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లతో గారపట్టిన పళ్లకు ఇదొక దారే. కానీ ఫ్లోరోసిస్ ముదిరిన ఎనామిల్ మీద అతుకు సరిగా పట్టకపోవచ్చు. మరకలు తేలికగా ఉంటే బ్లీచింగ్, మైక్రోఅబ్రేషన్ (పైపొరను సన్నగా రుద్దడం) సరిపోతాయేమో ముందుగా డాక్టరును అడగండి.