పటంలో మన గూడెం ఎక్కడ?



మీ పిల్లలు బడినుంచి వచ్చి, "అమ్మా, ఫోన్ ఇవ్వు. మన ఊరి మ్యాప్ చూడాలి" అని అడుగుతున్నారా? ఆటల కోసం అడుగుతున్నారేమో అని మీకు అనుమానం వస్తుంది. అనుమానం తప్పు కాదు. కానీ ఫోన్‌లో మ్యాప్ చూడటం కూడా ఇప్పుడు బడిలో ఒక పాఠమే. ఆ పాఠం ఏమిటి? అందులో మన పని ఏమిటి? తెలుసుకుందాం.

పటం అంటే ఏమిటి?

పటం అన్నా, మ్యాప్ అన్నా ఒకటే. ఊరిని పైనుంచి చూస్తే ఎలా కనబడుతుందో అలా గీసిన బొమ్మ.

మీరు వాకిట్లో ముగ్గు వేస్తారు. ముందు చుక్కలు పెడతారు. తరువాత గీతలు కలుపుతారు. పటం కూడా అంతే. బడి, గుడి, బావి, చెరువు – ఇవి చుక్కలు. వాటిని కలిపే దారులు గీతలు. చుక్క పక్కకు జరిగితే ముగ్గు చెడుతుంది. పటం కూడా చెడుతుంది.

పటంలో సాధారణంగా పైవైపు ఉత్తరం. కుడివైపు తూర్పు, అంటే పొద్దు పొడిచే దిక్కు. ఊరంతా ఒక కాగితంలో పట్టాలంటే ఒక లెక్క కావాలి. మా బడిలో 1 సెంటీమీటరు గీత అంటే 100 మీటర్ల దారి అనుకున్నాం. పటంలో బడికి 8 సెంటీమీటర్ల గీత ఉంటే, నడవాల్సింది 800 మీటర్లు.

పటాలు ఎలా తయారవుతాయి?

పటాలు తయారుచేసే సర్వే ఆఫ్ ఇండియా 1767లో మొదలయింది. 1802లో విలియం లాంబ్టన్ అనే ఇంగ్లీషు అధికారి మద్రాసు దగ్గర ఒక పెద్ద కొలత మొదలుపెట్టాడు. గొలుసుతో నేలను కొలిచారు. బరువైన యంత్రాలు మోసుకుంటూ కొండలు ఎక్కారు. ఆ పని ఏళ్ల తరబడి సాగింది.

ఇప్పుడు ఆకాశంనుంచి ఉపగ్రహాలు నేలను ఫొటో తీస్తున్నాయి. అలా ఫొటోలు తీయడానికి మన దేశం 1988లో ఐఆర్‌ఎస్-1ఎ అనే ఉపగ్రహాన్ని పంపింది. తరువాత ఇంకా చాలా పంపింది. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఆ ఫొటోలను అందుకుని, సరిచేసి ఉంచుతుంది. 2009లో ఇస్రో 'భువన్' అనే పటాన్ని అందరూ చూసేలా పెట్టింది. బడి పిల్లల కోసం 'స్కూల్ భువన్' కూడా ఉంది.

మరి మనం ఎక్కడ నిలబడ్డామో ఫోన్‌కు ఎలా తెలుస్తుంది? మెరుపు మెరిసిన చాలాసేపటికి ఉరుము వినబడితే, "పిడుగు దూరంగా పడింది" అంటాం. ఫోన్ కూడా అలాంటి లెక్కే వేస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అవి ఎప్పుడూ సంకేతాలు పంపుతుంటాయి. ఆ సంకేతం వచ్చేందుకు ఎంతసేపు పట్టిందో చూసి ఫోన్ దూరం లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల లెక్క కలిస్తే మనం ఉన్న చోటు తెలుస్తుంది. జీపీఎస్ అమెరికావాళ్లది. మన దేశానికి 'నావిక్' ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013లో శ్రీహరికోటనుంచి వెళ్లింది.

మా బడిలో ఏం జరిగింది?

నేను పగలు బడిలో ఆరో తరగతికి పాఠాలు చెబుతాను. సాయంత్రం ఆడవాళ్ల చదువు కేంద్రానికి వస్తాను. ఒకరోజు పిల్లలకు ఫోన్‌లో మా ఊరి ఫొటో చూపించాను. "అదిగో చెరువు! అదిగో మన బడి!" అని ఒకటే కేకలు. వాగు అవతల గూడెంనుంచి వచ్చే పాప మాత్రం మాట్లాడలేదు. కాసేపటికి అడిగింది.

"టీచర్, మా ఇళ్లు కనబడుతున్నాయి. మా గూడెం పేరు లేదేంటి?"

నిజమే. ఇళ్లున్నాయి, పేరు లేదు. నా దగ్గర జవాబు లేదు.

గూడెంనుంచి బడికి దారి చూశాం. వాగు మీదుగా అడ్డదారి కనబడింది. ఇసుక తెల్లగా ఉంది. "ఇదే దగ్గర దారి" అని నేనే చెప్పాను.

ఆ సాయంత్రం కేంద్రంలో అదే ఫొటో ఆడవాళ్లకు చూపించాను. గూడెంలో మేకలు కాసుకునే ఒక పెద్దమ్మ దగ్గరికి వచ్చి చూసింది.

"టీచరమ్మా, ఆ దారిన పిల్లల్ని పంపొద్దు. ఇది ఎండాకాలంలో తీసిన ఫొటో. వానాకాలంలో ఆ మలుపులో మొలబంటి నీళ్లుంటాయి. దాన్ని ఎద్దుల మడుగు అంటాం. ఎవరివో జోడెద్దులు కొట్టుకుపోయాయంట. అందుకే ఆ పేరు."

నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఉపగ్రహం ఇసుకను చూసింది. నేను ఫొటోను నమ్మాను. మడుగు సంగతి పెద్దమ్మకే తెలుసు.

మర్నాడు పిల్లలకు నా తప్పు చెప్పాను. ఒక పని కూడా ఇచ్చాను. "ఇంటికెళ్లి అమ్మని, అమ్మమ్మని, నాయనమ్మని అడగండి. ప్రతి కుంటకీ, గట్టుకీ పేరు రాసుకు రండి. వానాకాలంలో ఏ దారి మునుగుతుందో కూడా అడగండి." వారం రోజుల్లో పెద్ద కాగితంమీద మా పటం తయారయింది. మునిగే చోట ఎర్ర రంగు వేశాం. మంచి దారికి పచ్చ రంగు వేశాం.

ఆ కాగితాన్ని గూడెం ఆడవాళ్లు గ్రామసభకు తీసుకెళ్లారు. వాగుమీద వంతెన కావాలని అడిగారు. వంతెన ఇంకా రాలేదు. కానీ వానలు పడితే పిల్లలు పచ్చ దారినే వస్తున్నారు. అరగంట ఎక్కువ పడుతుంది. పట్టినా సరే, బడికి క్షేమంగా చేరుతున్నారు.

ఇంకో పని కూడా చేశాం. 2004లో మొదలయిన 'ఓపెన్ స్ట్రీట్ మ్యాప్' అనే పటం ఉంది. అది జనం కలిసి తయారుచేసే పటం. తెలిసినవాళ్లు పేర్లు చేర్చవచ్చు. అందులో గూడెం పేరు తెలుగులో రాశాం. కొన్నాళ్లకు కేంద్రంలో పెద్దమ్మకు చూపించాను. ఆమె ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "మా ఊరే!" అంది.

మనం ఏం చేయాలి?

పిల్లలు మ్యాప్ పాఠం తెస్తే పక్కన కూర్చోండి. "మాకేం తెలుసు?" అనకండి. దారులు, నీళ్లు, పేర్లు మీకు తెలుసు. తప్పు కనబడితే చెప్పండి. బడికి వచ్చి టీచరుకు కూడా చెప్పండి. ఫొటో ఎప్పుడు తీసిందో అడగండి. మనం ఉన్న చోటును ఫోన్‌లో 'లొకేషన్' అంటారు. దాన్ని తెలియనివాళ్లకు పంపొద్దని పిల్లలకు చెప్పండి.

ఆలోచించండి – చేయండి

1. మీ ఇంటినుంచి బడికి దారి గీయండి. ఉత్తరం ఎటో గుర్తు పెట్టండి.
2. వానాకాలంలో ఆ దారి ఎలా ఉంటుంది? పిల్లలకు ఏ దారి మంచిది?
3. మీ ఊళ్లో కుంటలకు, గట్లకు ఏం పేర్లున్నాయి? ఆ పేర్లు ఎలా వచ్చాయి? కేంద్రంలో అందరూ చెప్పుకోండి. రాసి ఉంచండి.