ఎంథూజియాజం అంటే ఏంటి? పూనకం తెలిసినోళ్లకు ఈజీ!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంటర్వ్యూ ఇంగ్లీష్ గురించి అడుగుతున్నారు. అందుకే ఈరోజు ఒకే ఒక్క మాట: ఎంథూజియాజం.

ఫోన్‌లో డిక్షనరీ చూస్తే "ఉత్సాహం" అని వస్తుంది. కరెక్టే, కానీ అసలు కథ వేరే ఉంది. ఇది గ్రీకు మాట. ఎన్ అంటే లోపల, థియోస్ అంటే దేవుడు. అంటే మనిషి లోపలికి దేవుడు రావడం. మనకిది కొత్తా? సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది కదా. అలాంటి జాతరల్లో డప్పు మోగుతుంటే ఒంటి మీదికి దేవుడొచ్చి ఊగిపోతారు చూడండి, మనం పూనకం అంటాం. ఇంచుమించు అదే!

1600ల్లో ఇంగ్లండ్‌లో ఇది దాదాపు తిట్టు. మతావేశంతో ఊగిపోయేవాళ్లని అలా అనేవాళ్లు. తర్వాత్తర్వాత మంచి అర్థం వచ్చింది.

మరి ఈగర్ అంటే? రాబోయే దాని కోసం ఆత్రంగా ఎదురుచూడటం. రిజల్ట్ కోసం ఈగర్‌గా ఉంటాం. చేసే పని మీద లోపల నుంచి పొంగే హుషారు ఎంథూజియాజం.

ఇప్పుడు వాడకం. "ఐ యామ్ వెరీ ఎంథూజియాజం" అనొద్దు. "ఐ యామ్ ఎంథూజియాస్టిక్ అబౌట్ కోడింగ్" అనాలి. ఎంథూజియాజం వాడితే పక్కన ఫర్ వస్తుంది: "మై ఎంథూజియాజం ఫర్ కోడింగ్". మనిషినైతే ఎంథూజియాస్ట్ అంటాం. పలికేటప్పుడు "థూ" దగ్గర ఒత్తాలి. కాలేజీలో వాడే "ఫుల్ ఎంథు" ఫ్రెండ్స్ దగ్గరే, హెచ్ఆర్ దగ్గర కాదు.

అసలు పాయింట్ ఇది. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు చూసిన ఫ్రెషర్ల రెజ్యూమేల్లో "ఎంథూజియాస్టిక్" లేనిది చాలా తక్కువ. అందరూ రాస్తే ఆ మాటకు విలువేముంది? పూనకం వచ్చినోళ్లు "నాకు పూనకం వచ్చింది" అని చెప్పుకోరు, చూసేవాళ్లకే తెలుస్తుంది. మీరూ అంతే, చేసిన పని చెప్పండి. "మిర్యాలగూడలో మా నాన్న పనిచేసే రైస్ మిల్లులో బస్తాల లెక్కకు చిన్న యాప్ చేశా" అంటే, ఇంగ్లీష్ కాస్త తడబడినా ఎదుటివాళ్లు ముందుకు జరిగి "ఎలా చేశావ్?" అని అడుగుతారు.

మీరు దేని గురించి ఎంథూజియాస్టిక్? ఒక వాక్యం కామెంట్‌లో రాయండి, తప్పొస్తే నేను సరిచేస్తా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!