అమెరికా కౌంటీ జైళ్లలో ఓపియాయిడ్ వ్యసన చికిత్స: నిధుల సమస్య - పరిశీలన

వ్యాససంగ్రహం

ఓపియాయిడ్ వ్యసనానికి ఔషధాల ఆధారంగా చేసే చికిత్స మరణాలను తగ్గిస్తుందని వైద్యరంగం నిర్ధారించి చాలాకాలమైంది. అయినా అమెరికా సంయుక్త రాష్ట్రాల కౌంటీ జైళ్లలో సగానికి పైగా ఆ చికిత్స అందడం లేదు. దీనికి వైద్యపరమైన సందేహాల కన్నా, ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు 1965లో ఇచ్చిన సమాధానమే ముఖ్య కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ నిబంధన స్వరూపాన్ని, దాన్ని దాటడానికి ఏర్పడిన నిధుల మార్గాలను, 2023 తర్వాత వచ్చిన మార్పును వివరిస్తుంది.

కీలకపదాలు: కౌంటీ జైలు, మెడికెయిడ్, ఓపియాయిడ్, మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్, షెరిఫ్, విచారణ ఖైదీ, పరిహార నిధులు.

1. ఉపోద్ఘాతం

వాషింగ్టన్ రాష్ట్ర కారాగారాల నుండి 1999 - 2003 మధ్య విడుదలైన ముప్పై వేల మందికి పైగా వ్యక్తుల మరణాల వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. విడుదలైన తొలి రెండు వారాల్లో వారికి మరణం సంభవించే అవకాశం అదే రాష్ట్రంలోని సాధారణ పౌరులతో పోలిస్తే 12.7 రెట్లు ఎక్కువని, మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించే అవకాశం 129 రెట్లు ఎక్కువని అది తేల్చింది. దీనికి కారణం శరీరధర్మంలోనే ఉంది. నిర్బంధంలో మత్తుమందు అందని కాలంలో శరీరం దాన్ని తట్టుకునే శక్తిని కోల్పోతుంది. తీసుకోవాలన్న తహతహ మాత్రం పోదు. బయటికి వచ్చిన వ్యక్తి పాత మోతాదునే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. ఆ అధ్యయనం జరిగిన నాటికి వీధుల్లో హెరాయిన్ ఉండేది. నేడు దాని స్థానాన్ని అంతకంటే ఎన్నో రెట్లు తీవ్రమైన ఫెంటానిల్ ఆక్రమించింది. 2023లో ఆ దేశంలో మోతాదు మించి మరణించినవారు సుమారు 1,05,000 మంది కాగా, వారిలో దాదాపు 80,000 మరణాలు ఓపియాయిడ్లతో ముడిపడినవి.

2. జైలు - కారాగారం: ఒక భేదం

తెలుగులో 'జైలు', 'కారాగారం' అన్న మాటలను ఒకే అర్థంలో వాడుతున్నాం. అమెరికా ఆంగ్లంలో 'జైల్', 'ప్రిజన్' వేర్వేరు సంస్థలు. ఈ భేదాన్ని విస్మరిస్తే నిధుల సమస్య అర్థం కాదు. ప్రిజన్ రాష్ట్ర ప్రభుత్వానిదో ఫెడరల్ ప్రభుత్వానిదో. శిక్ష ఖరారై, సాధారణంగా ఏడాదికి మించిన శిక్ష అనుభవించేవారు అందులో ఉంటారు. జైలు కౌంటీది. దాన్ని చాలాచోట్ల ప్రజలు ఎన్నుకున్న షెరిఫ్ నడుపుతాడు. ఖర్చును కౌంటీ పాలకమండలి ప్రధానంగా స్థానిక పన్నుల నుండి సమకూరుస్తుంది. మన సబ్‌జైలుకూ సెంట్రల్ జైలుకూ ఉన్న తేడాను గుర్తుచేసుకుంటే స్థూలంగా సరిపోతుంది. అయితే మన సబ్‌జైలు రాష్ట్ర ప్రభుత్వ శాఖ కిందిది. అక్కడి జైలుకు అటువంటి పెద్ద దిక్కు లేదు.

కౌంటీ జైళ్లలో ఉన్నవారిలో సుమారు 70 శాతం మంది నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. బెయిలు సొమ్ము కట్టలేక ఉండిపోయినవారు వీరిలో అనేకులు. ఏ ఒక్క రోజు చూసినా జైళ్లలో ఆరున్నర లక్షల మందికి పైగా ఉంటారు; ఏడాది మొత్తంలో నమోదయ్యే ప్రవేశాలు మాత్రం డెబ్బై లక్షలు దాటుతాయి. కొందరు రెండు రోజుల్లో వెళ్లిపోతారు, కొందరు నెలల తరబడి ఉంటారు. ఎవరు ఎప్పుడు విడుదలవుతారో జైలు వైద్యుడికే కాదు, న్యాయమూర్తికి కూడా ముందుగా తెలియదు. చికిత్సకైనా చెల్లింపులకైనా ఈ అనిశ్చితే పెద్ద చిక్కు.

3. చికిత్స, దాని నిజమైన ఖర్చు

ఈ చికిత్సకు ఆమోదం పొందిన ఔషధాలు మూడు. మెథడోన్‌ను 1972 నుండి, బ్యుప్రెనార్ఫిన్‌ను 2002 నుండి, నెలకొకసారి ఇచ్చే నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్‌ను 2010 నుండి ఓపియాయిడ్ వ్యసనానికి వాడుతున్నారు. మొదటి రెండూ ఓపియాయిడ్ల జాతికి చెందినవే. అవి మెదడులోని అవే గ్రాహకాలపై నిదానంగా, నిలకడగా పనిచేసి తహతహను, మందు మానినప్పటి బాధలను అణచివేస్తాయి. నాల్ట్రెక్సోన్ ఆ గ్రాహకాలను మూసివేస్తుంది. దాన్ని ప్రారంభించడానికి రోగి ముందుగా వారం పది రోజులు ఓపియాయిడ్లకు దూరంగా ఉండాలి. దానిలో మత్తు లేదు, చేతులు మారే భయం లేదు. జైలు అధికారులు దానివైపే మొగ్గడానికి కారణం ఇదే తప్ప, మరణాలను తగ్గించడంలో మిగిలిన రెండింటికున్నంత బలమైన ఆధారాలు దానికి ఉండటం కాదు. 'ఒక మత్తుమందు బదులు మరొకటి ఇస్తున్నారు' అన్న ఆక్షేపణ నేటికీ వినిపిస్తుంది. మధుమేహ రోగి రోజూ ఇన్సులిన్ తీసుకుంటే దాన్ని ఎవరూ వ్యసనమనరు.

మందు ధర ఒక్కటే ఖర్చు అనుకోవడం పొరపాటు. నాలుక కింద కరిగే బ్యుప్రెనార్ఫిన్ జెనరిక్ రూపంలో చౌకగానే దొరుకుతుంది. (నలోక్సోన్‌తో కలిపిన దాని ఫిల్మ్‌కు జెనరిక్‌ను హైదరాబాద్ కేంద్రంగా గల డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2018 జూన్‌లో అమెరికా విపణిలోకి తెచ్చింది, పేటెంటు వివాదంలో కోర్టు ఉత్తర్వుతో నిలిచిపోయి, 2019 ఫిబ్రవరిలో తిరిగి అమ్మకాలు ప్రారంభించింది.) అసలు ఖర్చు మనుషులది. మందు పూర్తిగా కరిగేదాకా పది పదిహేను నిమిషాలు ఒక నర్సు, ఒక గార్డు ఎదురుగా నిలబడి చూడాలి. మెథడోన్ విషయం మరీ క్లిష్టం. వ్యసన చికిత్సకు దాన్ని ఫెడరల్ గుర్తింపు పొందిన ప్రత్యేక కేంద్రాలు మాత్రమే ఇవ్వాలి. కాబట్టి జైలు తానే ఆ గుర్తింపు తెచ్చుకోవాలి, లేదా బయటి కేంద్రంతో ఒప్పందం చేసుకోవాలి, లేదా ఖైదీలను కాపలాతో అక్కడికి తీసుకువెళ్లాలి. నెలకొకసారి ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్‌తో ఈ కాపలా శ్రమ తప్పుతుంది. కానీ ఒక్కో మోతాదు ధర వెయ్యి డాలర్లకు పైమాటే. మందుపై ఆదా చేస్తే సిబ్బందిపై, సిబ్బందిపై ఆదా చేస్తే మందుపై ఖర్చు పెరుగుతుంది.

వెయ్యికి పైగా జైళ్లను సర్వే చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో కనీసం కొందరికైనా ఈ ఔషధాలు ఇస్తున్నవి 43.8 శాతం, అవసరమైన ఎవరికైనా ఇస్తున్నవి 12.8 శాతం మాత్రమే. ఇవ్వనివారు ఎక్కువగా చెప్పిన కారణం అర్హత గల సిబ్బంది లేకపోవడం. ఇక్కడ సిబ్బంది కొరత అంటే నిధుల కొరతే. జైలు వైద్యాన్ని అనేక కౌంటీలు ప్రైవేటు సంస్థలకు ఒప్పందంపై అప్పగిస్తాయి. ఒప్పందపు మొత్తం ముందే నిర్ణయమై ఉన్నప్పుడు కొత్త చికిత్సను చేర్చడం ఎవరికీ లాభసాటి కాదు.

4. 1965 నాటి నిబంధన

పేదలకు ఆరోగ్య బీమా కల్పించే మెడికెయిడ్ పథకం 1965లో సామాజిక భద్రతా చట్టానికి చేసిన సవరణలతో ఏర్పడింది. దాని ఖర్చును ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు పంచుకుంటాయి. అయితే 'ప్రభుత్వ సంస్థలో నిర్బంధితుడైన వ్యక్తి'కి చేసే వైద్యానికి ఫెడరల్ నిధులు వాడరాదని ఆ చట్టమే నిషేధించింది. బయటి ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా చేరితే తప్ప దీనికి మినహాయింపు లేదు. జైళ్లు అప్పటికే స్థానిక ప్రభుత్వాల బాధ్యత కాబట్టి ఆ భారాన్ని ఫెడరల్ ఖజానాకు మళ్లించుకోకుండా చూడటమే దీని ఉద్దేశం. ఓపియాయిడ్ సంక్షోభం నాటి చట్టకర్తల ఊహలో కూడా లేదు.

ఈ నిబంధన శిక్ష పడినవారికీ విచారణ ఖైదీలకూ ఒకేలా వర్తిస్తుంది. చట్టం దృష్టిలో నిర్దోషి అయిన వ్యక్తి నిన్నటిదాకా మెడికెయిడ్ ఖర్చుతో బ్యుప్రెనార్ఫిన్ తీసుకుంటూ, ఈరోజు బెయిలు కట్టలేక జైలులో చేరితే ఆ మందుకు చెల్లించేవారు ఉండరు. అదే నేరారోపణపై బెయిలు కట్టగలిగిన వ్యక్తి చికిత్స నిరాటంకంగా సాగుతుంది. 2014 నుండి మెడికెయిడ్‌ను విస్తరించిన రాష్ట్రాల్లో ఈ అంతరం మరింత స్పష్టమైంది. అక్కడ జైలుకు వచ్చే పేద వయోజనుల్లో ఎక్కువమంది బయట ఉన్నప్పుడు బీమాకు అర్హులు. వారి ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వమే భరిస్తుంది. జైలు గేటు దాటగానే ఆ 90 శాతం సున్నా అవుతుంది.

మరోవైపు 1976లో ఎస్టెల్ వర్సెస్ గాంబుల్ కేసులో సుప్రీంకోర్టు, ఖైదీ తీవ్రమైన వైద్య అవసరాలను తెలిసికూడా ఉపేక్షించడం రాజ్యాంగ ఎనిమిదవ సవరణకు విరుద్ధమని తీర్పునిచ్చింది. సాధారణ పౌరుడికి రాజ్యాంగబద్ధమైన వైద్య హక్కు లేని దేశంలో ఖైదీకి అది ఉంది. బాధ్యతను రాజ్యాంగం విధించింది, నిధులను చట్టం ఆపింది; ఆ రెంటి మధ్య కౌంటీ బడ్జెట్ నలుగుతోంది.

5. అతుకుల నిధులు

ఈ అంతరాన్ని పూడ్చడానికి ఏర్పడిన మార్గాలన్నీ తాత్కాలికమైనవి, లేదా స్థానిక నాయకత్వపు చొరవపై ఆధారపడినవి. న్యూయార్క్ నగరం రైకర్స్ ఐలండ్ జైలులో 1987లోనే మెథడోన్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అంతటి వనరులు గల నగరానికి అది సాధ్యమైంది; మిగిలిన దేశం మూడు దశాబ్దాలు దాన్ని అనుసరించలేదు.

రోడ్ ఐలండ్ ఉదాహరణ తరచు ఉటంకింపబడుతుంది. ఆ చిన్న రాష్ట్రంలో జైళ్లు, ప్రిజన్లు ఒకే రాష్ట్ర శాఖ కింద ఉంటాయి. 2016లో రాష్ట్రం తన బడ్జెట్ నుండి సుమారు 20 లక్షల డాలర్లు కేటాయించి, మూడు ఔషధాలనూ అందుబాటులోకి తెచ్చింది. 2016 తొలి ఆరు నెలల్లో మోతాదు మించి మరణించినవారిలో ఇటీవల నిర్బంధంలో ఉన్నవారు 26 మంది కాగా, 2017 తొలి ఆరు నెలల్లో ఆ సంఖ్య 9. రాష్ట్రం మొత్తం మీద ఇటువంటి మరణాల్లో వారి వాటా 14.5 శాతం నుండి 5.7 శాతానికి తగ్గింది. సంఖ్యలు చిన్నవే కాబట్టి వాటిపై మరీ పెద్ద సిద్ధాంతం నిర్మించకూడదు. కానీ ఒకే శాఖ, ఒకే బడ్జెట్ ఉండటం వల్ల 'ఎవరు చెల్లించాలి' అన్న వివాదం అక్కడ తలెత్తలేదన్నది గమనార్హం. మసాచుసెట్స్‌లో జైళ్లను కౌంటీ షెరిఫులే నడుపుతారు. అక్కడ 2018 నాటి చట్టం కొన్ని కౌంటీ జైళ్లలో ప్రయోగాత్మకంగా మూడు ఔషధాలనూ తప్పనిసరి చేయగా 2019లో అమలు మొదలైంది. అంతకుముందే స్వచ్ఛందంగా బ్యుప్రెనార్ఫిన్ ప్రారంభించిన ఫ్రాంక్లిన్ కౌంటీలో విడుదలైనవారిలో తిరిగి నేరవ్యవస్థలో చిక్కుకున్నవారు 48 శాతం కాగా, అప్పటికి ప్రారంభించని పొరుగు హాంప్‌షైర్ కౌంటీలో 63 శాతం.

ఫెడరల్ గ్రాంట్లు రెండవ మార్గం. 2018లో మొదలైన రాష్ట్ర ఓపియాయిడ్ స్పందన నిధులు, న్యాయశాఖ పరిధిలోని గ్రాంట్లు అనేక జైళ్లలో తొలి అడుగుకు తోడ్పడ్డాయి. గ్రాంటు కాలపరిమితి కొన్నేళ్లు, వ్యసనం దీర్ఘరోగం. పైగా దరఖాస్తు రాయగల ఉద్యోగి ఉన్న కౌంటీకే గ్రాంటు వస్తుంది. ఆ ఉద్యోగి లేని చిన్న గ్రామీణ కౌంటీల్లోనే అవసరం తీవ్రంగా ఉండటం ఈ పద్ధతిలోని లోపం.

మూడవది పరిహార నిధి. మూడు ఔషధ పంపిణీ సంస్థలు, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి సుమారు 2,600 కోట్ల డాలర్లు చెల్లించడానికి 2021లో ఒప్పందం ప్రకటించాయి. పంపిణీ సంస్థల వాటా 18 ఏళ్లపాటు విడతలుగా వస్తుంది. నిర్బంధంలో ఉన్నవారి చికిత్సను, అందుకోసం జైళ్లకు నిధులు పెంచడాన్ని ఒప్పంద పత్రమే ముఖ్య వినియోగాల్లో ఒకటిగా పేర్కొంది. కౌంటీల చేతికి నేరుగా వచ్చే సొమ్ము కాబట్టి జైలు చికిత్సకు ఇది సహజమైన ఆధారం. అయితే అంబులెన్సులు, పాఠశాలల ప్రచారం, పోలీసు పరికరాలు కూడా ఇదే సొమ్ముకు పోటీపడతాయి. ఖైదీల తరఫున ఓటు అడిగేవారు తక్కువ.

6. న్యాయస్థానాల ఒత్తిడి

మసాచుసెట్స్‌లోని ఎసెక్స్ కౌంటీపై 2018లోను, మెయిన్ రాష్ట్రంలోని అరూస్టుక్ కౌంటీపై 2019లోను ఫెడరల్ కోర్టులు, అప్పటికే మందు వాడుతున్న వ్యక్తికి జైలులో దాన్ని నిరాకరించరాదని ఆదేశించాయి. రెండవ ఆదేశాన్ని అప్పీలు కోర్టు 2019లో సమర్థించింది. వైద్యుడు సూచించిన ఈ చికిత్సను నిరాకరించడం వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధం కావచ్చని న్యాయశాఖ 2022 ఏప్రిల్‌లో మార్గదర్శకాలిచ్చింది. తీర్పులు చికిత్సను తప్పనిసరి చేయగలవు కానీ నిధులు ఇవ్వలేవు. అంతేకాక వీటి బలం ప్రధానంగా అప్పటికే మందు వాడుతున్నవారి విషయంలోనే. బయట ఎన్నడూ చికిత్స అందనివారికి జైలులో కొత్తగా ప్రారంభించే బాధ్యత చాలాచోట్ల ఇంకా ఐచ్ఛికమే.

7. 2023 తర్వాత

2018 నాటి ఫెడరల్ చట్టం, విడుదలకు ముందు కొద్దికాలం మెడికెయిడ్ నిధులను అనుమతించే ప్రత్యేక మినహాయింపులపై మార్గదర్శకాలు ఇవ్వాలని ఆదేశించింది. అవి 2023 ఏప్రిల్‌లో వచ్చాయి. అంతకు ముందే, 2023 జనవరిలో, కాలిఫోర్నియా మొదటి అనుమతి పొందింది: విడుదలకు ముందు 90 రోజుల వరకు కొన్ని సేవలకు మెడికెయిడ్ చెల్లిస్తుంది. ఈ మినహాయింపు కోరే ఏ రాష్ట్రమైనా కనీసం మూడు సేవలు అందించాలి: విడుదలానంతర సహాయ సమన్వయం, వ్యసనానికి ఔషధ చికిత్స, గేటు వద్ద చేతికిచ్చే 30 రోజుల మందులు. ఈ మూడవది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఆ తొలి రెండు వారాల ప్రమాదాన్ని సూటిగా ఎదుర్కొనేది అదే.

ప్రిజన్‌కు చక్కగా సరిపోయే 90 రోజుల లెక్క జైలుకు సరిపోదు. విడుదల తేదీ తెలియనివారికి 'విడుదలకు ముందు' అన్న కాలాన్ని ఎక్కడి నుండి లెక్కించాలి? ఆచరణలో విచారణ ఖైదీని జైలులో చేరిన నాటి నుండే అర్హుడిగా పరిగణించడం తప్ప మార్గం లేదు. ఇప్పటిదాకా తాము ఖర్చు చేస్తున్న సేవలకు ఫెడరల్ సొమ్ము వస్తే, ఆదా అయిన మొత్తాన్ని తిరిగి ఇటువంటి సేవలపైనే పెట్టాలన్న షరతు కూడా ఉంది. కౌంటీ ఖజానా భారం తగ్గించుకోవడానికి ఈ నిధిని వాడకుండా కట్టడి చేసే ఈ షరతులో 1965 నాటి ఆందోళనే మరో రూపంలో కనిపిస్తుంది.

కాలిఫోర్నియాలో 2024 అక్టోబరులో ఇనియో, శాంటా క్లారా, యూబా కౌంటీలు మొదట ఈ సేవలను ప్రారంభించాయి. అనుమతికీ అమలుకూ మధ్య ఇరవై నెలల వ్యవధి పట్టడానికి కారణం వైద్యం కాదు. జైళ్లు ఏనాడూ బీమాకు బిల్లు పంపిన సంస్థలు కావు. రోగి అర్హతను తనిఖీ చేయడం, ఇచ్చిన ప్రతి మోతాదునూ నిర్ణీత సంకేతాలతో నమోదు చేయడం, మందుల దుకాణపు లైసెన్సు సంపాదించడం వంటివన్నీ అవి కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. నిర్బంధంలోకి వెళ్లిన వ్యక్తి మెడికెయిడ్‌ను పూర్తిగా రద్దు చేయకుండా తాత్కాలికంగా నిలిపి ఉంచాలన్న ఫెడరల్ నియమం 2026 జనవరి 1 నుండి అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది. రద్దయితే కొత్త దరఖాస్తు పరిష్కారానికి వారాలు పడుతుంది; నిలుపుదల అయితే విడుదల రోజునే పునరుద్ధరించవచ్చు. అయితే ఆ రోజు ఏదో జైలు నుండి రాష్ట్ర మెడికెయిడ్ కార్యాలయానికి సమాచారం చేరాలి. రాత్రి పదకొండు గంటలకు బెయిలుపై విడుదలయ్యే వ్యక్తి విషయంలో ఆ సమాచారాన్ని ఎవరు, ఎలా పంపాలన్నది ఒక్కొక్క కౌంటీ విడివిడిగా తేల్చుకుంటోంది.